కాపలా కోళ్లు

జూన్ 4

అమ్మాయ్,

ఫోన్లో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒక్కరమూ వినం. అందుకే కాగితం పట్టుకున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే ఆరు కోడిపెట్టలూ ఒక ఇనపజాలీ గూడూ దిగుతాయి. బెంబేలు పడకు. అవి కూరకి కాదు. గుడ్లు పెడితే మాత్రం మీరే తినండి, మా దోమల ఆఫీసు దోమల్నే లెక్కపెట్టలేక చస్తోంది, గుడ్లు కూడానా.

ఇవి కాపలా కోళ్లు. మీ పేట చివర మడుగుకి వానలు పడగానే ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలతాయి కదా. పిట్టల ఒంట్లో ఒక వైరస్ తిరుగుతుంటుంది. అది మనుషులకి వస్తే జ్వరం, కొందరికి మెదడుకి ఎక్కే జ్వరం. కోడికి ఏమీ కాదు గానీ దాని రక్తంలో గుర్తు మిగిలిపోతుంది. వారం వారం ఆ రక్తం చూసుకుంటే, మనుషులు మంచం పట్టకముందే మాకు కబురు అందినట్టు. కిందటేడు ఈ కోళ్లను ఒక గోడౌను వాచ్‌మన్‌కి అప్పగిస్తే సగం కుక్కల పాలయ్యాయి. ఆఫీసులో అందరిముందూ నేను మాట పడ్డాను. అందుకే ఈసారి మా తమ్ముడింట్లో పెడతానని నోరు జారాను. నీమీద నమ్మకం.

మెతుకు, నీళ్లు, గూడు శుభ్రం. అంతే. సొంతపిల్లల్లా చూసుకో. వాటికేమైనా అయితే నా ఉద్యోగానికే ఎసరు.

డ్రైవరే రక్తం తీస్తాడు. ఆయన మాట్లాడడు, మేమంతా మౌనస్వామి అంటాం. నువ్వేమన్నా రాస్తే ఐసుపెట్టెలో ట్యూబుల పక్కన పెట్టెయ్, నాకు చేరుతుంది.

మా తమ్ముడికి అన్నం టైముకి పెట్టు.

నీ వదిన

*

జూన్ 18

వదినగారికి,

మీ మహారాణులు క్షేమం, వాటి దాసి క్షేమం, మీ తమ్ముడు కూడా ఆ పక్కనే ఎక్కడో క్షేమం.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈ అర్ధమొగుడు ఏకంగా ఆరుగురు సవతుల్ని పంపించిందని ఆయనతో అంటే, పడీపడీ నవ్వారు. నవ్వరూ మరి. పంప్‌హౌస్‌కి డ్యూటీకి బయల్దేరే ముందు నాతో రెండు మాటలు మాట్లాడని మనిషి, గూటి ముందు స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. మెడ మీద ఈకలు లేనిది ఒకటుంది, అదే పెత్తనమంతా చేస్తుంది. దానికి మీ పేరే పెడతానంటే ఊరుకోవే అన్నారు.

కిందటి వారం పెట్టెలో మీరు పంపిన చీటీ చూశాం. "అన్నీ శుభ్రం, భేష్" అన్నారు. ఆయన ఆ చీటీని గోడకి మేకు కొట్టి తగిలించారు. చిన్నప్పుడు కూడా ఆయన్ని మీరు భేష్ అన్నది ఎప్పుడో ఒకసారట.

వదినా, ఒక మాట. ఈ ఏడు దోమలు మామూలుగా లేవు. సాయంత్రం వీధి గుమ్మంలో నిలబడి నోరు తెరిస్తే నాలుగు లోపలికి పోతాయి. మందు బండి ఒకసారి ఇటు తిప్పించగలరా? పక్కింటి టైలరమ్మ కూడా అడిగింది, మీ ఆడపడుచుది ఆ ఆఫీసేగా అని.

మడుగు గట్టు మీద రెండు కాకులు చచ్చిపడి ఉన్నాయి. చచ్చిన పిట్టలు కనబడితే చెప్పమని మీరొకప్పుడు అన్నారని గుర్తు. ఒకదాన్ని కవర్లో చుట్టి పెట్టెలో పెట్టాను. మౌనస్వామి ముక్కు మూసుకున్నాడు గానీ ఏమీ అనలేదు.

మీ మరదలు

*

జూన్ 25

అమ్మాయ్,

నీ కాకి చేరింది, కాకిగా చేరలేదు. దారిలో వ్యాను చెడి ఎండలో నిలబడిపోయిందట, ఐసు కరిగిపోయింది. పరీక్షకి ఏమీ మిగల్లేదు. ట్యూబులు ఎలాగో దక్కాయి. ఈసారి కనబడితే పంపకు, రాయి చాలు.

ఇక్కడ నా పని చెబితే నువ్వు నవ్వుతావు. ఊరి చుట్టూ వేలాడదీసిన ఉచ్చుల్లోంచి వచ్చిన దోమల్ని పళ్లెంలో పోసుకుని, భూతద్దం కింద ఆడవాటిని ఒక పక్కకి, మగవాటిని ఒక పక్కకి సన్న పట్టకారుతో ఏరుతూ కూర్చుంటాను. పెళ్లిచూపులు చేయించినట్టు ఉంటుంది. ఏరినవాటిని నూరి మెషిన్లో పెడితే వైరస్ ఉందో లేదో తెలియాలి. ఆ మెషినేమో పాడై పడుంది. బాగుచేసేవాడు రేపు రేపంటున్నాడు. దోమలన్నీ ఫ్రీజర్లో పొట్లాలు కట్టి పడున్నాయి. ఈ ఏటికి కోళ్లే నాకు దిక్కు. మెడ పట్టేసి రాత్రి దిండు కూడా పెట్టుకోలేకపోతున్నాను.

మందు బండి మాట. ఉన్నవి రెండు బండ్లు, ఊరంతా పిలుస్తోంది. కోళ్ల రక్తంలో గుర్తు కనబడిన చోటికే ముందు పంపాలని రూలు. మీ కోళ్లు ప్రతివారం శుభ్రంగా ఉన్నాయి. అలాంటప్పుడు తమ్ముడి వీధికి బండి పంపితే రేపు నన్ను కాకుల్లా పొడుస్తారు. టైలరమ్మకి కూడా అదే చెప్పు. చుట్టరికం చూసి పని చేయించుకునే అలవాటు మన ఇంట్లో లేదు, కొత్తగా మొదలుపెట్టొద్దు.

కోళ్లని మాత్రం బాగా చూస్తున్నావు. ఈ వారం కూడా భేష్.

నీ వదిన

*

జులై 9

వదినగారికి,

చుట్టరికం చూసి పని చేయించుకునే అలవాటు మా పుట్టింట్లోనూ లేదు. దోమలున్నాయని చెప్పాను. దోమల ఆఫీసుకి కాకపోతే పోస్టాఫీసుకి చెప్పనా? మీరు రాసింది నేను ఆయనకి చదివి వినిపించలేదు. చీటీ ముక్క మాత్రం చించి ఇచ్చాను, గోడకి పెట్టుకున్నారు. ఇప్పటికి నాలుగు అయ్యాయి.

వానలకి పంప్‌హౌస్‌లో ఒక మోటారు కాలింది. మురుగు ఎగదన్నకుండా ఆయనా ఇంకొకాయనా రెండు డ్యూటీలు కలిపి చేస్తున్నారు. వచ్చేసరికి ఒళ్లు హూనం. లోపల ఉక్క అని వరండాలోనే పడుకుంటున్నారు.

మొన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. అక్కకి రాయకు, అసలే పనిలో ఉంటుంది అన్నారు. రాయకూడదనే అనుకున్నాను. మందుబిళ్ల వేసుకుని డ్యూటీకి వెళ్లారు. టైలరమ్మ కూతురికి కూడా జ్వరమే.

మీ కోళ్లకి ఏ జ్వరమూ లేదు.

మీ మరదలు

*

జులై 16

అమ్మాయ్,

కోపం తెలుస్తూనే ఉంది, చివరి వాక్యం బాగా గుచ్చావు. బండి రాలేదని జ్వరాన్ని అడ్డం పెట్టాల్సిన పని లేదు. వానాకాలంలో జ్వరాలు సవాలక్ష. నువ్వు భయపడుతున్నది ఆ జ్వరం గురించే అయితే, అది కాదు. ఈ వారం కూడా ఆరు కోళ్లూ శుభ్రమే. మీ పేటలో ఆ వైరస్ లేదు. మీ వీధి డాక్టరు నాకు ఫోన్ చేస్తే ఆయనకీ అదే చెప్పాను. తడిసిన బట్టలతో పని చేసి ఉంటాడు, పడిశం పట్టి ఉంటుంది.

వాణ్ణి రెండు రోజులు కదలనివ్వకు. నా మాటగా చెప్పు. నీ మాట వినడు, నా మాటా వినడు, ఇద్దరం కలిపి చెబితే సిగ్గుపడైనా వింటాడేమో.

నాకూ ఓపిక లేదమ్మా. ఇంటికెళ్లి కళ్లు మూసుకున్నా పళ్లెంలో దోమలే కనబడుతున్నాయి. ఏదన్నా కటువుగా రాసుంటే చూసీచూడనట్టు పో.

నీ వదిన

*

జులై 23

వదినా,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మొన్న పంప్‌హౌస్‌లో పడిపోయారట. తీసుకొచ్చేటప్పటికి మాట తడబడుతోంది, ఎడమకాలు కదలడం లేదు. నన్ను గుర్తుపట్టి, మళ్లీ కాసేపటికి నువ్వెవరు అన్నారు. ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. దోమల గదిలోకి ఫోన్ తీసుకెళ్లరని తెలుసు. మీ ఆఫీసు నంబరు ఎవరో ఎత్తి, చెబుతామన్నారు. చెప్పారో లేదో.

ఇక్కడ పెద్దడాక్టరు రక్తం పైకి పంపి చూడాలి, వారం పైనే పడుతుంది అన్నారు. మీ ఆఫీసు పైఅంతస్తులో మనుషుల రక్తం చూస్తారని ఎప్పుడో అన్నారు కదా. మౌనస్వామి ఈ రోజు కోళ్ల దగ్గరికి వచ్చి తాళం చూసి, ఎవరినడిగాడో ఆసుపత్రికి వచ్చాడు. నేనేమీ అడగలేదు. ఆయనే నర్సు దగ్గరికెళ్లి ఏదో చెప్పి, ట్యూబు తీసుకుని పెట్టెలో పెట్టాడు. కోళ్ల ట్యూబుల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలుంటాయి. దీనిమీద ఏడు వేశాడు.

చూడండి. త్వరగా చూడండి.

*

జులై 24

అమ్మాయ్,

నువ్వు ఫోన్ చేశావని ఎవరూ నాకు చెప్పలేదు. పెట్టె మూత తీసి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఏడో ట్యూబు పట్టుకుని మెట్లెక్కాను. పైవాళ్లు వరస దాటి చూడమంటే ఎప్పుడూ చూడరు. నా మొహం చూసి చూశారు.

అదే జ్వరం. గుర్తు స్పష్టంగా ఉంది. పెద్దడాక్టరుకి ఫోన్లో చెప్పేశాను. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, కనిపెట్టుకుని ఉండాలి, ఊపిరి చూసుకోవాలి, అంతే. చాలామంది తేరుకుంటారు. వాడూ తేరుకుంటాడు. వీధి డాక్టరుకి అది కాదని చెప్పిన నోరు నాదే. ఆ సంగతి మనం తరవాత మాట్లాడుకుందాం, నువ్వు తిట్టు, నేను పడతాను.

కానీ ఒకటి నాకు అర్థం కావడం లేదు. ఆరు కోళ్ల రక్తం ఈ వారం కూడా శుభ్రం. అదే పెరడు, అదే మడుగు. వరండాలో పడుకున్న మనిషికి వచ్చింది, పది అడుగుల అవతల గూట్లో ఉన్న ఆరింటిలో ఒక్కదానికీ రాలేదు. ఇలా ఎక్కడా జరగదు. నేనే ఏదో తప్పు చేస్తున్నానేమోనని ట్యూబులన్నీ మళ్లీ చూశాను. గూడు ఇంకా అక్కడే ఉందా? సాయంత్రం పూట ఏం చేస్తారు? ఏదీ వదలకుండా రాయి.

ఆదివారం వస్తున్నాను.

*

జులై 25

వదినా,

మీరు వచ్చేలోపు ఇది చదివి రండి. ఎదురుగా నేను చెప్పలేను. మౌనస్వామి నిన్న మీ ఉత్తరం ఇవ్వడానికే ఆసుపత్రికి వచ్చాడు, దీన్నీ పట్టుకెళ్లడానికి ఈ రోజు మళ్లీ వస్తానన్నాడు. ఆయన మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి.

గూడు మీరు చెప్పినచోటే ఉంది. సాయంత్రం పొద్దు వాలగానే దానిమీద దోమతెర కప్పుతాం. తెల్లారాక తీసి మడతపెడతాం. మౌనస్వామి వచ్చేసరికి అది లోపల ఉంటుంది.

కోళ్లు వచ్చిన వారానికే దోమలు వాటి కాళ్లకీ కళ్ల చుట్టూ మూగడం ఆయన చూశారు. పాపం, చేతులు లేవు, తోలుకోలేవు అన్నారు. వాటికి జబ్బు తగిలితే అక్కకి మాట వస్తుంది, కిందటేడు అందరిముందూ పడింది చాలు అన్నారు. ఇంట్లో కిటికీలకి జాలీలు ఉన్నాయి, అందుకని మాకున్నది ఒకటే తెర, వరండాలో ఆయన మంచానిది. అది విప్పి గూటికి కట్టారు. మరి మీకో అంటే, ఫ్యాను ఉందిగా, నన్ను కుట్టిన దోమే చస్తుంది అన్నారు. ఇంకొకటి కొందామని రోజూ అనుకున్నాం, డ్యూటీల గొడవలో రోజూ మరిచిపోయాం.

శుభ్రం, భేష్ అని మీరు రాసినప్పుడల్లా పరీక్ష పాసైనంత సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. అబద్ధమెందుకు.

మీ కోళ్లు శుభ్రంగా ఉండాలా, ఉండకూడదా? ఇప్పుడు నాకు అర్థమవుతోంది. మీ నోటితో చెబితే వింటాను.

*

ఆగస్టు 20

అమ్మాయ్,

ఆసుపత్రిలో అన్నిసార్లు పక్కపక్కన కూర్చున్నాం, ఒకే గ్లాసులో టీ పంచుకున్నాం. నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు, నువ్వు మళ్లీ అడగలేదు. ఎదురెదురుగా మనకి చేతకాదు. కాగితమే మేలు.

వాటిని దోమలు కుట్టాలి. దానికోసమే అవి అక్కడున్నాయి. పిట్టని కుట్టిన దోమ వచ్చి కోడిని కుడితే, మనిషిని కుట్టబోతోందని మాకు తెలుస్తుంది. నేను పాతికేళ్లుగా చేసే పని ఇది. ఆఫీసులో స్వీపరుకి కూడా తెలుసు. అందుకే నీకు వేరే చెప్పాలని నాకు తట్టలేదు. సొంతపిల్లల్లా చూసుకో అని రాశాను. సొంతపిల్లల్ని దోమలకి ఎవరు వదిలేస్తారు? నువ్వు చేసింది నేను చెప్పిందే.

వాడి రక్తం పుణ్యాన బండ్లు మీ పేటకి వచ్చాయి. టైలరమ్మ కూతురికీ అదే జ్వరమని తేలింది, తేలిగ్గా పోయింది, సంతోషం. తెర తీసేశాక మీ కోళ్లలో మూడింటికి గుర్తు కనబడింది. మందు ఇంకో విడత కొట్టిస్తున్నారు. మీ వీధివాళ్లు దోమల ఆఫీసుకి దండం పెడుతున్నారని విన్నాను. పెట్టనీ.

ఇక్కడ జరిగింది కూడా నీకు తెలియాలి. నెలన్నర పాటు ఆ పేట క్షేమమని కాగితాల మీద రాసింది నేను. ఎందుకు తప్పిందో రాసివ్వమన్నారు. కోళ్లు సాకేవాళ్ల అజాగ్రత్త అని రాస్తే సరిపోతుంది, పైకి వెళ్లదు అని మా ఆఫీసు పెద్దాయన మంచిగానే సలహా ఇచ్చాడు. నేను అలా రాయలేదు. సాకేవాళ్లకి చెప్పాల్సింది నేను చెప్పలేదు అని రాశాను. మెమో ఇచ్చారు. వచ్చే నెల నుంచి నన్ను స్టోర్సులో వేశారు. డబ్బాలు, గొట్టాలు, చేతి తొడుగులు. నా పళ్లెం వేరేవాళ్లకి ఇచ్చారు. మెడనొప్పి తగ్గుతుందిలే.

ఇంకొకటి. నిన్న మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు మందుల షాపుకి వెళ్లావు కదా, పొద్దు వాలుతోంది. వాడు కుర్చీలోంచి గూటివైపు చూస్తూ చెయ్యి ఎత్తుతున్నాడు. తెర, తెర అంటున్నాడు. లేవబోయి పడబోయాడు. పట్టుకుని కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. కోళ్లు ఎందుకో, తెర ఎందుకు కట్టకూడదో, వాడికి జ్వరం ఎలా వచ్చిందో, అంతా. మెమో సంగతి మాత్రం చెప్పలేదు.  వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నువ్వు వచ్చాక నీకు చెప్పకుండా బస్సుకి వచ్చేశాను, నిలబడలేకపోయాను. నిన్ను అడక్కుండా చెప్పడం తప్పే. కోప్పడు.

కోళ్లను తీసుకుపోమంటే వ్యాను పంపిస్తాను.

నీ వదిన

*

ఆగస్టు 27

వదినగారికి,

కోప్పడ్డాను. మీరు ఎదురుగా లేరు కాబట్టి గిన్నెల మీద కోప్పడ్డాను. మూడు రోజులు ఆయన గోడ చూస్తూనే ఉన్నారు. అన్నం పెడితే తిన్నారు, మందు వేస్తే మింగారు. అటు తిరగమంటే తిరిగారు. నాకు ఒకటే భయం, మనిషిని దక్కించుకుని మాట పోగొట్టుకున్నామా అని. మీరు చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఆ మాట నేను చెప్పాల్సి వచ్చేది కదా, మీరు నా నెత్తిన బరువు దించారు అని కూడా అనుకున్నాను. రెండూ నిజమే.

కోళ్లు ఉండనివ్వండి. సాయంత్రం పూట వాటివైపు చూడలేక లోపలికి వచ్చి తలుపేసుకుంటున్నాను. కానీ ఉండనివ్వండి. అవి ఇక్కడ లేకపోతే ఇంకొకరి పెరట్లో ఉండాలి, వాళ్లకి మళ్లీ మొదట్నుంచీ అంతా చెప్పాలి.

డాక్టరు కాలు పూర్తిగా రావడానికి చాలా కాలం పడుతుంది, కొంత రాకపోవచ్చు కూడా అన్నారు. పంప్‌హౌస్ వాళ్లు కూర్చుని చేసే పని చూస్తామన్నారు. మీరేమో స్టోర్సులో, ఆయనేమో స్టూలు మీద. మెమో సంగతి చదివి నాకు ఏడుపు ఆగలేదు. అజాగ్రత్త అని రాసేస్తే నేనేమీ అరిగిపోయేదాన్ని కాదు.

ఈ రోజు పొద్దున ఆయనకి గడ్డం గీస్తున్నాను. నా చెయ్యి పట్టుకుని ఆపారు. జ్వరం వచ్చాక ముక్కలు ముక్కలుగా తప్ప మాట రాలేదు కదా, ఈ రోజు మొదటిసారి తడబడకుండా ఒక మాట మొత్తం అన్నారు.

"అక్కకి ఆఫీసులో ఏం మాట రాలేదు కదా?"

లేదన్నాను. మిమ్మల్ని అడిగితే మీరూ లేదనే చెప్పండి.

మీ మరదలు